మామ పడవకు రాడ్ హోల్డర్: నేను రివెట్ కొట్టాను, బాపు బోల్టు బిగించాడు

ఈ కాలమ్‌లో ఇప్పటిదాకా కూలర్ మోటార్ల గురించి, ఇన్వర్టర్ బ్యాటరీల గురించి, అవతలివాళ్లు చేసిన తప్పుల గురించి బాగానే రాశాను. ఈ వారం నేను చేసిన తప్పు గురించి రాయాలి. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి రాయగలుగుతున్నాను.

మా మేనమామది గోదావరి ఒడ్డు ఊరు. చేపలు పట్టడమే పని, లైసెన్సు ఉంది. మా రామగిరికి దగ్గరి నీళ్లంటే సుందిళ్ల బ్యారేజీవే గానీ, 2023 అక్టోబరులో మేడిగడ్డ దగ్గర పిల్లర్లు కుంగాక సుందిళ్లను కూడా ఖాళీ చేశారు. మామ పట్టేది ఎల్లంపల్లి వెనక నీళ్లలో. నిండితే 20 టీఎంసీలు. బొచ్చె, రవ్వ, అదృష్టం బాగుంటే వాలుగ.

రెండేళ్ల కింద మామకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. కుడి చేతి పట్టు మాత్రం రాలేదు. వల విసరడానికి రెండు చేతులూ కావాలి, పళ్లు కూడా కావాలి (విసురు వల వేసేవాళ్లను చూసినవాళ్లకు తెలుసు). కాబట్టి వల అయిపోయింది. మిగిలింది గాలం. అది కూడా రాడ్డు ఎవరో ఒకరు పట్టుకుంటేనే. తెడ్డు అత్త వేస్తుంది. మరి రాడ్డు ఎవరు పట్టుకోవాలి?

దానికే రాడ్ హోల్డర్. పడవ అంచుకు బిగించిన చిన్న గొట్టం లాంటిది. రాడ్డు మొదలు అందులో పెడితే అదే పట్టుకుంటుంది, చేప లాగినప్పుడు మనం తీసుకుంటే చాలు. సరదాకి గాలం వేసేవాళ్లకు అది సౌకర్యం. మామకు అది రెండో చెయ్యి.

పడవ కూడా మామూలు నాటు పడవ కాదు. ఒక రిసార్టు వాళ్లు పాత బోట్లు తీసేస్తుంటే తెచ్చిన 12 అడుగుల అల్యూమినియం పడవ, అడుగు చదును. తేలిక. అత్త ఒక్కతే ఒడ్డుకు లాగగలదు. చెక్క పడవలాగా ఏటా తారు పూయక్కర్లేదు. అల్యూమినియం తుప్పు పట్టదు అని నేనే హామీ ఇచ్చాను. బీటెక్ చదివినవాడు చెప్పాడంటే మా ఇంట్లో ఇంకా నమ్ముతారు.

ఏడాదిన్నర కింద వేసవిలో ఆన్‌లైన్‌లో తళతళలాడే రెండు హోల్డర్లు తెప్పించాను. 'స్టెయిన్‌లెస్ స్టీల్, మెరైన్ గ్రేడ్' అని రాసుంది. గోదావరిఖనిలో అల్యూమినియం పాప్ రివెట్లు కొన్నాను. ఒక్కో హోల్డర్‌కు నాలుగు చొప్పున టక్ టక్ మని కొట్టేశాను. గంటలో పని అయిపోయింది. వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. బాపు ఆ రోజు ఊళ్లో లేడు. ఉంటే ఈ కాలమ్ ఉండేది కాదు.

మొన్న దసరా తర్వాత ఒక పొద్దున ఆరు గంటలకు గాలం పట్టుకుంది. చేపో, నీళ్లలో మునిగిన చెట్టు మొద్దో ఇప్పటికీ తెలియదు. రాడ్డు వంగింది, వంగుతూనే ఉంది. ఒక రివెట్, రెండో రివెట్, తర్వాత మొత్తం హోల్డర్ రాడ్డుతో సహా లేచి నీళ్లలోకి పోయింది. మామ ఎడమ చేత్తో దాన్ని అందుకోబోయి అంచు మీదికి వాలాడు. పడవ ఒరిగింది. అత్త తెడ్డు వదిలేసి అంగీ కాలర్ పట్టుకొని వెనక్కి గుంజింది. నాలుగున్నర వేల రాడ్డు, రీలు పోయాయి. అది లెక్కలోది కాదు. ఒడ్డుకొచ్చాక అత్త ఒక్కటే మాట అంది: "ఇగ నువ్వు నీళ్ల మీదికి పోవుడు బంద్."

మామ ఏమీ అనలేదు. వారం రోజులు ఇంటి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ వారం చివర నేను హైదరాబాద్ నుంచి వచ్చాను.

బాపు ముప్పై ఏళ్ల పైన సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టర్. రిటైరై మూడేళ్లయింది. పడవ దగ్గర గొంతుక్కూర్చొని, మిగిలిన రెండో హోల్డర్ చుట్టూ వేలితో గీకాడు. తెల్లటి పొడి రాలింది. సున్నంలాగా ఉంది. రివెట్ తలను స్క్రూడ్రైవర్‌తో తట్టగానే ఊడి చేతిలోకి వచ్చింది.

"రివెట్ ఏంది?"

"అల్యూమినియం, బాపూ."

"హోల్డర్ ఏంది?"

"స్టీలు."

"పడవ నీళ్లల్ల పెట్టి బ్యాటరీ జేసినవ్ గదరా."

అంతే. నేను నాలుగేళ్లు చదివింది ఆ ఒక్క వాక్యంలో ఉంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, రెండింటినీ కలిపి నీళ్లు తడుపుతూ ఉంటే సన్నటి కరెంటు పుడుతుంది. రెండింట్లో తేలిగ్గా లొంగే లోహం కరిగిపోతూ ఉంటుంది. స్టీలు పక్కన అల్యూమినియం ఎప్పుడూ లొంగేదే. గోదావరి నీళ్లు మంచినీళ్లు కాబట్టి నెమ్మదిగా జరుగుతుంది, కాకినాడ సముద్రంలో అయితే ఇంకా తొందరగా. కానీ అసలు జరగదని మాత్రం కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. కరిగే లోహం పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉంటే నష్టం పెద్ద స్థలం మీద పంచుకుంటుంది, కొంత తట్టుకుంటుంది. నేను సరిగ్గా తలకిందులు చేశాను. అరచేతంత స్టీలు పళ్లేన్ని బఠాణీ గింజంత అల్యూమినియం రివెట్లతో బిగించాను. మొత్తం దెబ్బ ఆ నాలుగు గింజల మీద పడింది.

ఇది కొత్త సంగతీ కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు పురుగు తినకుండా రాగి రేకులు తొడిగింది, ఇనుప మేకులు కొట్టింది. రెండేళ్లకు విప్పి చూస్తే చాలా మేకులు తుప్పుకు తినేసి ఉన్నాయి. కొన్ని మాత్రం బాగానే ఉన్నాయి. చూస్తే, రాగి రేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం అక్కడక్కడ తీయకుండా వదిలేశారట. కాగితం అడ్డున్న చోట మేకు బతికింది. రెండు లోహాల మధ్య అడ్డు పెట్టాలి. ఇవాళ మనం చేసేదీ అదే, కాగితం బదులు నైలాన్.

తుప్పు ఒక్కటే కారణం కాదని కూడా చెప్పాలి. రాడ్డు అంటే మీట. 7 అడుగుల రాడ్డు హోల్డర్ నుంచి 180 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. కొసన అడ్డంగా 5 కిలోల లాగుడు పడిందనుకోండి. 5 ఇంటూ 180, 900. నా హోల్డర్ కింద రెండు వరసల రివెట్ల మధ్య దూరం 6 సెంటీమీటర్లు. 900ని 6తో భాగిస్తే 150. అంటే చివర 5 కిలోలు లాగితే, ఒక వరస రివెట్లను 150 కిలోలు పైకి పీకుతాయి. రాడ్డు వంగుతుంది, రీలు దారం వదులుతుంది కాబట్టి నిజంగా అంత పడదు. కానీ గాలం మొద్దుకు తట్టుకొని, గాలికి పడవ పక్కకు పోతుంటే అంతకంటే ఎక్కువే పడొచ్చు. పాప్ రివెట్ రేకును రేకుకు అతికించడానికి పనికొస్తుంది. పీకే బరువుకు అది కాదు.

కాబట్టి మళ్లీ మొదటి నుంచి.

ముందు ఏ హోల్డర్? తళతళలాడేవన్నీ స్టీలు కావు. చౌకవాటిలో జింక్ మిశ్రమం పోత పోసి పైన క్రోమ్ పూత వేసినవి ఉంటాయి. పూత గీసుకుపోతే పొక్కులు వచ్చి లేస్తాయి. నిజంగా స్టీలే అయినా గ్రేడు చూడాలి. మన బజార్లో 202 అనే చౌక స్టెయిన్‌లెస్ విరివిగా దొరుకుతుంది. అది కూడా మెరుస్తుంది, అది కూడా అయస్కాంతానికి దాదాపు అంటదు. అందుకే "మ్యాగ్నెట్ పెట్టి చూసిన సార్, ఒరిజినల్" అంటే నమ్మకండి. 304 మంచినీళ్లకు సరిపోతుంది. 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పు నీళ్లకు అది. బోల్టుల విషయంలో సులువైన గుర్తు తల మీద ఉంటుంది: ఎ2 అని ఉంటే 304 రకం, ఎ4 అని ఉంటే 316 రకం. ఏమీ రాసి లేకపోతే నేను కొనను.

బాపు మొదట పీవీసీ పైపు ముక్క చాలన్నాడు. లోహమే లేకపోతే గొడవే లేదు కదా. నిజమే, 80 రూపాయల్లో అయిపోతుంది. కానీ రామగుండం ఎండ సంగతి మీకు తెలుసు. మామూలు పీవీసీ రెండు మూడు వేసవులు చూశాక పెళుసై, దెబ్బ తగిలితే చిట్లుతుంది. చివరికి గాజు నార కలిపిన నల్ల నైలాన్ హోల్డర్ తీసుకున్నాం, ఎండకు తట్టుకునే రకం. 650 రూపాయలు. స్టీలంత గట్టిది కాదు, అందంగా కూడా లేదు. కానీ అల్యూమినియం పక్కన కూర్చున్నా దానితో పేచీ పెట్టుకోదు.

ఆకారం విషయంలో నా ఎంపికను మామ కొట్టేశాడు. నేను తెచ్చిన రెండు నమూనాల్లో ఒకటి నిండు గొట్టం. రాడ్డు పక్కకు జారదు, భద్రం. మామ ఎడమ చేత్తో రాడ్డు పెట్టి, తీసి చూపించాడు. గొట్టంలోంచి తీయాలంటే నిటారుగా పైకి గుంజాలి. చేప కిందికి లాగుతుంటే ఒక్క చేత్తో అది కాదు. రెండోది ముందు వైపు తెరిచి ఉన్న తొట్టి రకం. మొదలును కొంచెం తిప్పి పక్కకు లేపితే వచ్చేస్తుంది. "అల్లుడా, గిది నాకు వస్తది" అన్నాడు. పట్టు లేని కుడి అరచేతిని రాడ్డు కింద ఆసరాగా పెట్టి, ఎడమ చేత్తో రీలు తిప్పి చూపించాడు. బరువు లెక్కలు వేసిన నేను మనిషి చెయ్యి లెక్క వెయ్యలేదు.

ఎక్కడ బిగించాలన్నది కూడా రంధ్రం వేశాక ఆలోచించే సంగతి కాదు. ఒక పూటంతా సీ-క్లాంపులతో పట్టించి, మామను పడవలో కూర్చోబెట్టి, ఒడ్డు పక్కన తిరిగాం. అత్త తెడ్డు ఊపుకు తగలకూడదు. మామ లేవకుండా అందాలి. రాడ్డు కొస ఆకాశంలోకి కాకుండా, నీళ్ల మట్టానికి ముప్పై డిగ్రీలు పైకి ఉంటే దారం కదలిక కనిపిస్తుంది. నేను మొదట పెట్టిన చోటు కంటే ఇది జానెడు వెనక్కి వచ్చింది, ఎడమ పక్కకు మారింది. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ అంచు లోపల అడ్డపట్టీ ఉంది. ఉత్త రేకు మీద కాదు, పట్టీ మీద బిగించాలి. నీటి మట్టం కింద మాత్రం ఎక్కడా చిల్లు పెట్టకూడదు.

ఇక బిగించడం. ఇది బాపు పని. నేను టార్చి పట్టుకున్నాను.

సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టాడు, లేకపోతే బిట్టు జారుతుంది. ముందు సన్న బిట్టు, తర్వాత పెద్దది. వెనక చెక్క ముక్క ఆనించాడు. అల్యూమినియం బిట్టుకు అతుక్కుంటుంది కాబట్టి రెండు చుక్కల కిరోసిన్. బోల్టు 6 మిల్లీమీటర్లదైతే రంధ్రం 7.5 పెట్టాడు. తప్పు కొలత అనుకున్నాను. కాదు, అడ్డుకు చోటు. బోల్టు మధ్య భాగానికి నా ఎలక్ట్రానిక్స్ డబ్బాలోంచి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి లైటర్‌తో కాల్చాను, చర్మంలా అతుక్కుంది. ఈ మొత్తం ఉద్యమంలో నా సొంత ఐడియా ఇది ఒక్కటే. తల కింద నైలాన్ వాషర్, దాని మీద స్టీలు వాషర్. అటువైపు కూడా అంతే. స్టీలు ఎక్కడా అల్యూమినియానికి నేరుగా తగలదు. రంధ్రం అంచులు రెండు వైపులా ఆకురాయితో నున్నగా చేసి, రాలిన రజను అంతా తుడిచి తీశాడు. లోహపు రజను పడవ అడుగున తడిలో ఉంటే అది కూడా తినేదే.

హోల్డర్ కింద ఏం వెయ్యాలి? ఇక్కడ నేను తెలివి చూపించబోయాను. మా కాలనీల్లో పాత కన్వేయర్ బెల్టు ముక్క లేని ఇల్లుండదు. గేటు కింద, బండి కింద, పశువుల కొట్టంలో, అన్నిటికీ అదే. అది కోసి వేద్దామన్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు. బాయిలో వాడే బెల్టు మామూలు రబ్బరు కాదు, నిప్పు అంటకుండా, రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు దాని మీద నిలవకుండా పోయేలా తయారు చేస్తారు. కరెంటుకు అడ్డు పెట్టడానికి అది వాడతామా అన్నాడు. నిజానికి మన బోల్టు దగ్గర పుట్టే కొంచెం కరెంటుకు అది పెద్ద తేడా కాకపోవచ్చు. ఆయన రెండో కారణం నాకు ఇంకా గట్టిగా తోచింది. కోసిన బెల్టు అంచులో గుడ్డ పొర బయటపడుతుంది, అది నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. అల్యూమినియం మీద ఎప్పుడూ తడిగుడ్డ కప్పినట్టే. చివరికి నల్ల హెచ్‌డీపీఈ పైపు ముక్కను వేడినీళ్లలో మెత్తబరిచి, చదును చేసి, హోల్డర్ ఆకారానికి కోశాడు. పొలాలకు నీళ్లు పారించే పైపే. అందులో రెండు శాతం పైన నల్ల మసి కలుపుతారు, ఎండను తట్టుకునేది దాని వల్లే. నీళ్లు పీల్చదు.

చిల్లుల్లో నీళ్లు దిగకుండా సీలెంటు. ఇక్కడ ఒక హెచ్చరిక. బాత్రూమ్‌కు వాడే మామూలు సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే, అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుందని అర్థం. లోహం మీద వద్దు. మేం కారు అద్దాలు అతికించే పాలీయురేథేన్ ట్యూబు తెచ్చాం. అట్టపెట్టె మీద 'న్యూట్రల్' అని ఉన్న సిలికాన్ అయినా సరిపోతుంది.

లోపలి వైపు, నట్టుల కింద, అరచేతంత అల్యూమినియం పలక వేశాడు. లాగుడు నాలుగు చిల్లుల మీద కాకుండా పలకంతా పంచుకుంటుంది. నట్టులు నైలాక్, అదురుకు ఊడవు. నేను డ్రిల్లు మిషన్‌తో బిగిస్తానంటే చేతిలోంచి లాక్కున్నాడు. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టు వేగంగా తిప్పితే మర వేడెక్కి ఒకదానికొకటి కరుచుకుంటాయి, ఇక ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మర మీద చుక్క గ్రీజు, చేత్తో పానా. నాలుగు బోల్టుల్లో మూడు ఆయన బిగించాడు. నాలుగోది నన్ను బిగించమన్నాడు.

పని అయ్యాక పడవ కడుగుతుంటే ముందు కొసన ఒక రాగి పైసా కనిపించింది. పాతకాలం బిళ్ల. పసుపు పూసి, తంగూసు దారంతో గట్టిగా కట్టి ఉంది. గంగమ్మ పేర మామ కట్టుకున్నది. బాపు దాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. కింద అల్యూమినియం మీద బూడిదరంగు గుంట, గోరు దిగేంత లోతు. రాగి, స్టీలు కంటే తక్కువదేం కాదు ఈ విషయంలో. తీసేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాపే అన్నాడు, "బామ్మర్దీ, అమ్మను తెడ్డుకు కట్టుకో. చెక్క కదా, ఇద్దరికీ మంచిది." మామ నవ్వి తెడ్డు మెడకు కట్టుకున్నాడు. సీసం గుండ్లు కూడా పడవ అడుగున వదిలేయకుండా ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం.

పరీక్ష పెట్టకుండా అత్త ఒప్పుకోలేదు. హోల్డర్‌లో పైపు పెట్టి, 120 సెంటీమీటర్ల దగ్గర మా చెల్లెలు అమెరికా పోయేటప్పుడు కొన్న లగేజీ తూకం మిషన్ తగిలించి లాగాం. 12 కిలోలు చూపించేదాకా. లెక్కకు 1,440, మనం అనుకున్న 900 కంటే ఒకటిన్నర రెట్లు. అంచు కొద్దిగా కిర్రుమంది, హోల్డర్ కదల్లేదు. అత్తకు ఈ అంకెలతో పని లేదు. రెండు చేతులతో పట్టుకొని, కాలు పడవకు తన్ని పెట్టి గుంజింది. తర్వాత రెండు షరతులు చెప్పింది. లైఫ్ జాకెట్ వేసుకోవాలి. రాడ్డుకు తాడు కట్టి పడవకు కట్టాలి, పోతే పోయిందనుకోవాలి గానీ దాని వెనక వంగొద్దు. ఆ తాడుకు ఒక్క గుంజుకు ఊడే ముడి వేశాడు మామ, ఎడమ చేత్తోనే. రీలు పట్టును కూడా వదులు చేశాం, బలంగా లాగితే దారమే పోతుంది, బోల్టు దాకా రాదు.

మర్నాడు పొద్దున నేను కూడా వెళ్లాను. రెండు గంటలు ఏమీ పడలేదు. ఎనిమిదింటికి రాడ్డు కొస రెండుసార్లు తలూపి వంగింది. నా చూపు మాత్రం బోల్టుల మీదే ఉంది. మామ తొందరపడకుండా మొదలును పక్కకు తిప్పి లేపాడు, కుడి అరచెయ్యి కింద ఆనించాడు. అత్త తెడ్డు ఆపి, చిక్కం అందుకుంది. బొచ్చె, మూడు కిలోలకు కొంచెం తక్కువ.

మొన్న సంక్రాంతికి ఒక బోల్టు విప్పి చూశాం. తెల్ల పొడి లేదు. స్లీవ్ అలాగే ఉంది. మిగతావి తడిమి చూస్తే నాలుగో దాని కింద నైలాన్ వాషర్ అంచు చీలింది, ఎక్కువ బిగించడం వల్ల. ఎవరు బిగించారో బాపు అడగలేదు. జేబులోంచి కొత్త వాషర్ తీసి ఇచ్చాడు.

"కుడి పక్క గూడ ఒకటి పెడ్తే?" అన్నాడు మామ.

"రెండో రాడ్డు నేను పడ్త," అంది అత్త. "నా చెయ్యి కొలత దీస్కో అల్లుడా."